గడియారం జరిపే ముందు నిద్రను కొలవాలి

జూన్ నెలలో అండమాన్ రాజధాని శ్రీ విజయపురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) ఉదయం ఐదు కాకముందే సూర్యుడు ఉదయిస్తాడు. దేశమంతటికీ సమయాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ సమీపం నుంచి వెళ్తుంది. శ్రీ విజయపురం దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. అంటే అక్కడ సూర్యుడు గడియారం కన్నా సుమారు 40 నిమిషాలు ముందుంటాడు. అందుకే ఈశాన్య రాష్ట్రాలతో పాటు ఈ దీవులకూ గంట ముందుండే రెండో కాలమండలం కావాలని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2018లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ప్రతిపాదించారు.

పగటి వెలుగు వృథా కాకూడదన్నది సబబే. అయితే ఈ లెక్కలో నిద్ర కూడా చేరాలి. ముఖ్యంగా, షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ 1953లో వెల్లడించిన రెమ్ నిద్ర. ఈ దశలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతాయి, స్పష్టమైన కలలు వస్తాయి. దాదాపు 90 నిమిషాలకోసారి వచ్చే ఈ దశ రాత్రి మొదట్లో కొద్ది నిమిషాలే ఉండి, తెల్లవారేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి వేకువన గంట నిద్ర పోతే ఎక్కువగా నష్టపోయేది రెమ్ నిద్రే.

ఈ దశలో మెదడు కండరాలను సడలించి ఉంచుతుంది. ఆ పట్టు తప్పితే మనిషి కలలో చేసే పనులను మంచం మీదే చేస్తాడు: అరుస్తాడు, కాళ్లతో తంతాడు. దీన్నే రెమ్ నిద్రా ప్రవర్తన రుగ్మత అంటారు. చాలామందిలో ఇది పార్కిన్సన్స్ వంటి వ్యాధులకు ఏళ్ల ముందే కనిపించే సూచన. పెద్దవాళ్లలో ఇలా తరచూ జరిగితే పీడకలేనని వదిలేయకుండా వైద్యులకు చూపించాలి.

గడియారం గంట ముందుకు జరిగితే బడి గంట కూడా సూర్యుడి లెక్కలో గంట ముందే మోగుతుంది. పిల్లలు మాత్రం చీకటి పడ్డాకే పడుకుంటారు. మన దేశంలో సూర్యాస్తమయం గంట ఆలస్యమైన చోట పిల్లల నిద్ర సుమారు అరగంట తగ్గుతోందని ఆర్థికవేత్త మౌలిక్ జగ్నాని అధ్యయనం చూపింది. అలా తగ్గేది వేకువ నిద్రే అయితే ఆ కోత రెమ్ దశ మీదే పడుతుంది.

కాబట్టి బడివేళలతో ముడిపెట్టకుండా గడియారం ఒక్కదాన్నే జరపడం తొందరపాటు. ముందుగా దీవుల్లోని ఇళ్లలో నిద్రవేళలను చేతి పరికరాలతో, కొందరిలో రెమ్ నిద్రను మెదడు తరంగాల పరీక్షతో కొలవాలి. విద్యుత్ ఆదాను లెక్కించగలిగినప్పుడు పిల్లల నిద్రనూ లెక్కించగలం.