చేప పోయే దారి వేరు, గాలి పోయే దారి వేరు

2024 జూన్ 8న హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో, ఉబ్బసం తగ్గుతుందని ఇచ్చే చేప ప్రసాదం క్యూలో నిలబడ్డ ఒక మనిషి కుప్పకూలి చనిపోయారు. మన నిజామాబాద్ వైపు నుంచి వెళ్లినవారే. పత్రికల్లో నాలుగు ముక్కల వార్త వచ్చింది. మరుసటి జూన్‌కు మళ్లీ అదే మైదానం, అవే బారికేడ్లు. ఊపిరాడనివాళ్లను జూన్ ఉక్కపోతలో గంటల తరబడి జనంలో నిలబెట్టడం తప్పని అనిపించని వ్యవస్థను చూస్తే నాకు కోపం కంటే ముందు అలసట వస్తోంది.

నమ్మకం ఏమిటో న్యాయంగానే చెబుతాను. బత్తిని కుటుంబం 1845 నుంచి ఇస్తున్నామని చెప్పుకునే ముద్దను రెండు మూడంగుళాల కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి, ఆ చేపను ప్రాణంతోనే రోగి గొంతులోకి దింపుతారు. చేప కదులుతూ పోయి లోపలి కఫాన్ని తుడిచేస్తుందట. వరుసగా కొన్నేళ్లు తీసుకోవాలట, ప్రతిసారీ 45 రోజుల పథ్యం పాటించాలట. చేప ముట్టని శాకాహారులకు అదే ముద్ద బెల్లంలో పెట్టి ఇస్తారు. చేప తుడవడమే వైద్యమైతే బెల్లం మింగినవాళ్లకు తుడిచేది ఏది? బెల్లంతోనూ అదే గుణం కనిపిస్తుందంటే పసిపిల్లల గొంతులో బతికున్న చేపను కుక్కడం దేనికి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పినవాళ్లను నేనింతవరకు చూడలేదు. అంతకు మించి న్యాయంగా చెప్పడానికి ఇందులో ఏమీ లేదు.

పదో తరగతి జీవశాస్త్రం చదివిన ప్రతి పిల్లా పిల్లాడూ ఆ బొమ్మ గీసే ఉంటారు. గొంతు వెనక రెండు దారులున్నాయి. ముందున్నది స్వరపేటిక, దాని కింద వాయునాళం. వెనకున్నది ఆహారనాళం. మనం మింగిన ప్రతిసారీ స్వరపేటిక పైకి లేస్తుంది, ఉపజిహ్విక దాని మీద మూతలా వాలుతుంది, స్వరతంత్రులు దగ్గరగా మూసుకుంటాయి, ఊపిరి క్షణంపాటు ఆగుతుంది. ఈ ఏర్పాటంతా ఒక్క పని కోసం: నోట్లోంచి పోయేది ఏదీ ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మింగిన చేప జీర్ణాశయానికే పోతుంది, అక్కడి ఆమ్లంలో చస్తుంది, అరుగుతుంది. కఫం ఉన్న చోటికి అది ఏ దారినా చేరదు. చేరిందంటే అది వైద్యం కాదు, ఊపిరి ఆగిపోయే ప్రమాదం. బతికున్న చేప గొంతులో అడ్డం పడి మనుషులు చావు దాకా వెళ్లిన ఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.

ఇక కఫం ఎక్కడుందో చూడండి. పది పన్నెండు సెంటీమీటర్ల వాయునాళం ఛాతీలో రెండుగా చీలుతుంది, ఆ రెండూ మళ్లీ మళ్లీ చీలుతూ పోతాయి. తలకిందులుగా నిలబెట్టిన చెట్టులా ఇరవైకి పైగా అంచెల కొమ్మలు. చివరి కొమ్మల మందం మిల్లీమీటరు కూడా ఉండదు. వాటి కొసన వాయుగోణులు, 30 కోట్లకు పైనే. అన్నింటినీ పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. గాలికీ రక్తానికీ మధ్య అక్కడున్న పొర మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేదు. పీల్చిన గాలిలో 21 శాతం ఉన్న ఆక్సిజన్ వదిలే గాలిలో 16 శాతానికి తగ్గేది ఇక్కడే. నాళాల లోపలి గోడను అంటుకుని కంటికి కనబడని శైలికలు ఉంటాయి. అవి రాత్రీ పగలూ కొట్టుకుంటూ, దుమ్ము పట్టిన జిగురును పైకి, గొంతు దాకా నెడుతుంటాయి. తుడిచే పని శరీరం తనంతట తానే చేసుకుంటోంది. ఇంత సున్నితమైన చోటును రెండంగుళాల చేప శుభ్రం చేస్తుందని నమ్మించడం మనిషి దేహాన్నే అవమానించడం.

ఉబ్బసంలో, అంటే మనం దమ్ము అనే జబ్బులో జరిగేది వేరు. నాళాల గోడలు వాస్తాయి, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, జిగురు ఎక్కువగా ఊరుతుంది. గాలి లోపలికి ఎలాగో పోతుంది, బయటికి రావడమే కష్టం. పిల్లికూతలు అందుకే. వాపును తగ్గించే మందు, కండరాన్ని సడలించే మందు నేరుగా ఆ నాళాలకే చేరాలి. ఇన్‌హేలర్ చేసేది అదే. మైక్రోగ్రాముల్లో మందు, గాలి పోయే దారిలోనే పోతుంది. కండరాన్ని సడలించే సాల్బుటమాల్ నిమిషాల్లో పనిచేస్తుంది. వాపు తగ్గించే మందు మాత్రం రోజూ పీల్చాలి, బాగున్నప్పుడు కూడా.

మా జిల్లాలో ఊపిరిని తినేది ఏమిటో తెలుసుకోవడానికి నాంపల్లి దాకా పోనక్కర్లేదు. నిజామాబాద్ చుట్టుపక్కల ఏ వాడకైనా పోండి. గడపలో చాట ఒళ్లో పెట్టుకుని ఆడవాళ్లు తునికాకులో తంబాకు నింపుతుంటారు, పక్కనే పిల్లలు ఆడుకుంటుంటారు, వంటా పడకా అన్నీ ఆ గదిలోనే. బోధన్‌లో 1937లో మొదలైన నిజాం చక్కెర కర్మాగారం మీద శక్కర్‌నగర్ బతికింది, 2015 డిసెంబరులో మూతపడే దాకా. చక్కెర పరిశ్రమలో పిప్పి దుమ్ముతో వచ్చే జబ్బు కూడా ఒకటుంది. కుప్పగా నిలవ ఉన్న చెరుకు పిప్పిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఆ దుమ్ము పీల్చిన కూలీకి కొన్ని గంటల్లో చలిజ్వరం, దగ్గు, ఆయాసం. 1941లోనే అమెరికాలోని లూసియానాలో దీన్ని గుర్తించి బగాసోసిస్ అని పేరు పెట్టారు. ఆ దుమ్ముకు దూరంగా ఉండటమే దీనికి విరుగుడు. బీడీ చేసే అమ్మకు కావలసింది గాలాడే గది. వీటి గురించి జూన్ నెలలో ఏ మంత్రీ మాట్లాడడు.

మా మేనత్త బీడీలు చేసేది. దమ్ము వస్తే మంచం మీద రెండు చేతులూ ఆన్చి ముందుకు వంగి కూర్చునేది, మెడ దగ్గర గుంట లోపలికి పోయేది, ఒక మాట పూర్తిచేయడానికి రెండుసార్లు ఆగేది. దవాఖానలో ఇన్‌హేలర్ ఇస్తే కొన్నాళ్లు బాగుంది. తర్వాత ఒక పల్లెలో పసరు పోసే ఆయన దగ్గరికి ఎవరో తీసుకుపోయారు. పసరు పనిచేయాలంటే ఇంగ్లీషు మందు బంద్ పెట్టాలని ఆయన షరతు. "ఆ గొట్టం అలవాటైతే ఇగ సచ్చేదాంక ఇడువదట కొడుకా" అని నాతో చెప్పింది. ఇన్‌హేలర్ బియ్యం డబ్బా వెనక పెట్టేసింది. వానలు పడ్డాక ఒక రాత్రి దమ్ము లేచింది. ఆటో దొరికేసరికి పెదవులు నీలమయ్యాయి. దారిలోనే పోయింది. పసరు ఆమెను చంపలేదు. చేతిలో ఉన్న మందును మానిపించిన మాట చంపింది. అందుకే "నమ్మకంతో తీసుకుంటే నష్టమేముంది" అనేవాళ్లను నేను సహించలేను.

నాంపల్లి మైదానంలో పిల్లల సంగతి చెప్పకుండా ఉండలేను. ఏడుస్తున్న పిల్లాడి చేతులు ఒకరు పట్టుకుంటారు, దవడ ఒకరు తెరుస్తారు, ముక్కు మూస్తారు. ఊపిరి చాలని పిల్లవాడి ముక్కు మూస్తారు! ఏడుపుతోనే ఆయాసం పెరిగే జబ్బు అది. కన్నతల్లి పక్కనే దండం పెట్టుకుని నిలబడి ఉంటుంది. ఆమెను నేను తప్పు పట్టను. రాత్రంతా బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే చూసిన మనిషి ఎక్కడికైనా వెళ్తుంది. ఆమెకు ఆ చోటు చూపించినవాళ్లను తప్పు పడతాను.

"మావాడికి తగ్గింది కదా" అంటారు. చిన్నప్పటి ఉబ్బసం చాలామందిలో ఎదిగే వయసులో దానంతటదే తగ్గుతుంది. జబ్బు ముదిరినప్పుడే మనం పరుగెత్తుతాం, ముదిరినది కొంత దిగడం దాని స్వభావం. తగ్గనివాళ్లు మళ్లీ రారు, వచ్చి చెప్పరు. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. ఉబ్బసం రోగులకు అసలు ఇన్‌హేలర్, మందులేని ఉత్త ఇన్‌హేలర్, ఉత్తుత్తి సూదులు ఇచ్చి, ఏమీ ఇవ్వకుండానూ చూశారు. కొలిస్తే అసలు మందుతో ఊపిరి 20 శాతం పెరిగింది, మిగతా మూడింటితో 7 శాతమే. ఎలా ఉందని నోటితో అడిగితే మాత్రం అసలు మందుకూ ఉత్త మందుకూ దాదాపు ఒకే జవాబు. మనిషికి హాయిగా అనిపిస్తోంది, నాళాలు మాత్రం బిగుసుకునే ఉన్నాయి. దమ్ము రోగికి ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు.

పరీక్షించడం మన గడ్డకు కొత్త కాదు. మత్తు కోసం క్లోరోఫాం ఇచ్చిన రోగి ముందు ఊపిరి ఆగి చనిపోతాడా, గుండె ఆగి చనిపోతాడా అన్న తగాదా తేల్చడానికి 1888, 1889లలో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు కూర్చున్నాయి. నిజాం డబ్బిచ్చాడు, లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఊపిరే ముందు ఆగుతుందని హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాదన. 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలతో గుండె నేరుగా ఆగవచ్చని తేలింది. లారీ వాదన పూర్తిగా నిలవలేదు, వైద్యం మారింది. అదే ఊరిలో చేప ముద్ద మాత్రం కొలతకు అందకుండా నడుస్తోంది. 1945 నాటి ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ జె ప్రకారం ఉబ్బసం నయం చేస్తానని ఏ మందూ చెప్పుకోకూడదు. శాస్త్ర ప్రచార సంస్థ జన విజ్ఞాన వేదిక ఈ పంపిణీ మీద కోర్టు దాకా వెళ్లింది. మారింది పేరొక్కటే: ఒకప్పటి చేప మందు ఇప్పుడు చేప ప్రసాదం. ఊపిరితిత్తుల మహమ్మారి వచ్చిన 2020, 2021, 2022లలో పంపిణీ ఆగింది, 2023లో మళ్లీ మొదలైంది. చేప పిల్లలు మత్స్యశాఖవి, బస్సులు ఆర్టీసీవి, బందోబస్తు పోలీసులది. అంటే మన పన్నులవి.

ఊదితే ఊపిరి వేగం చెప్పే పీక్ ఫ్లో మీటర్ చేతిలో పట్టేంత పరికరం, ఖరీదు తక్కువ. క్యూలో ప్రతి మనిషి చేతా చేప మింగే ముందు ఊదించండి, పథ్యం పూర్తయ్యాక ఊదించండి, ఏడాదికి మళ్లీ ఊదించండి. ఇన్‌హేలర్ వాడేవాళ్లతో పోల్చి చూడండి. నిజామాబాద్‌లో 2013 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, ఇక్కడి నుంచి వెళ్లేవాళ్ల లెక్క అక్కడి వైద్యులకు అప్పగించండి. వచ్చిన అంకెలు తెలుగులో అచ్చువేయండి. ఆ పని చేసే వరకు సర్కారు ఒక్క చేపపిల్లను, ఒక్క బస్సును, ఒక్క కానిస్టేబుల్‌ను కూడా ఆ మైదానానికి పంపకూడదు.