తెలుగు రాప్ గీతం: సృష్టియా? అనుకరణమా?

పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నదని మన పెద్దలు చెప్పే సామెత ఈ సంవత్సరం మన కళాశాల చర్చావేదికపై కనీసం నాలుగు పర్యాయాలు వినిపించింది. "కొత్తగా వెలువడుతున్న తెలుగు రాప్ ఆల్బమ్‌లు నూతన సృష్టియా, అనుకరణమా?" అన్నది ఆనాటి చర్చనీయాంశం. అనుకరణమే అన్న పక్షానికి అధ్యాపకుల కరతాళధ్వనులు లభించాయి. నూతన సృష్టి అన్న పక్షానికి చివరి బల్లల మద్దతు దండిగా లభించింది. అధ్యక్షస్థానంలో ఉన్న మేము ఆచారం ప్రకారం "ఇరుపక్షాల వాదనలలోనూ సత్యం కలదు" అని చెప్పి సభను ముగించాము. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ మాట మాకే రుచించలేదు. ఆనాడు చెప్పవలసి ఉండి చెప్పక దాటవేసిన అభిప్రాయాన్ని విద్యార్థుల ముందూ, కళాశాల కమిటీ పెద్దల ముందూ ఉంచడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

రాప్ అంటే ఏమిటో ముందుగా స్థూలంగా తెలుసుకొనడం అవసరం. రాగం కంటె మాటకు ప్రాధాన్యమిచ్చి, లయ తప్పకుండా, ప్రాసలు కూర్చి వడివడిగా చెప్పే గానమే రాప్. దీని పుట్టుకను గురించి చెప్పేవారు సాధారణంగా 1973 ఆగస్టు 11వ తేదీని పేర్కొంటారు. ఆనాడు న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో ఒక బాలిక, బడి తెరిచే నాటికి కొత్త దుస్తులు కొనుక్కోవడానికి సొమ్ము కూడబెట్టదలచి, తమ నివాసభవనంలోనే ఒక వేడుక ఏర్పాటు చేసింది. జమైకాలో పుట్టి అక్కడికి వలస వచ్చిన ఆమె అన్న, కూల్ హెర్క్ అన్న పేరుతో ప్రసిద్ధుడైనవాడు, ఆ వేడుకలో రికార్డులు వేశాడు. పాటలో గానం ఆగి కేవలం వాద్యం మ్రోగే చిన్న భాగాన్ని రెండు యంత్రాల సాయంతో మళ్లీ మళ్లీ వినిపించే పద్ధతిని ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. వాద్యబృందాన్ని పోషించే స్థోమత లేని పేటలో పాత రికార్డే వాద్యమయింది. 1979లో రాప్‌ను దేశమంతటికీ వినిపించిన 'రాపర్స్ డిలైట్' పాట కూడ షీక్ అనే బృందం వారి 'గుడ్ టైమ్స్' వరుస మీదనే నడిచింది. అనగా అరువు తెచ్చుకొనడం ఈ కళకు తరువాత అంటిన దోషం కాదు. పుట్టుకతో వచ్చిన లక్షణం. అటువంటి కళలో కెండ్రిక్ లామార్ వెలువరించిన 'డ్యామ్' అనే ఆల్బమ్‌కు 2018లో పులిట్జర్ సంగీత బహుమానం దక్కింది.

ఇక మన దేశానికి వద్దాము. 1981లో క్వీన్ బృందమూ, డేవిడ్ బోవీ కలసి పాడిన 'అండర్ ప్రెషర్'లోని మంద్రస్థాయి వాద్యపు వరుసను 1990లో వెనిలా ఐస్ అనే గాయకుడు 'ఐస్ ఐస్ బేబీ'లో వాడుకొన్నాడు. ఆ పాటను నమూనాగా పెట్టుకొని బాబా సెహగల్ 1992లో 'ఠండా ఠండా పానీ' అని హిందీలో పాడాడు. అరువుకు అరువు ఇది. 1994లో 'ప్రేమికుడు' చిత్రం ద్వారా, ఎ.ఆర్. రహమాన్ కూర్చిన పేట రాప్ ద్వారా, ఆ పదం మన కోనసీమ సినిమా హాళ్లకు కూడ చేరింది. పిమ్మట హైదరాబాదు కేంద్రంగా నోయెల్ సీన్, రోల్ రైడా వంటి యువకులు తెలుగు రాప్‌కు ప్రచారం తెచ్చారు. ఈ వరుసను చూపి "చూచితిరా, అంతా ఎంగిలే" అనడం సులభం. అయితే ఆ మాట అనే ముందు మన ఇంటి పెట్టెలో ఉన్న నగలలో ఏవి అరువువో ఒకసారి పరిశీలించుకొనడం మంచిది.

మన కళాశాలలో ఉర్దూ శాఖవారు ప్రేమతో బోధించే గజల్‌నే తీసుకొందాము. అరబ్బీ కసీదా ప్రారంభభాగంలో మొలకెత్తి, పారశీకంలో పెరిగి, మన దక్కనులోనూ, ఢిల్లీలోనూ ఉర్దూ గజల్‌గా వికసించిన ప్రక్రియ అది. గాలిబ్‌ను తెలుగు చేసిన దాశరథి దానిని తెలుగులోకి తెచ్చారు. ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న సి. నారాయణరెడ్డిగారు దానిని తెలుగువారి నాలుకలపై నిలిపారు. కాఫియా, రదీఫ్‌లను యథాతథంగా ఉంచుకొన్నప్పటికీ వారి గజళ్లను ఎవరూ అనుకరణ అనలేదు. మన గోదావరి సీమకే చెందిన పిఠాపురం వాసి డాక్టర్ ఉమర్ ఆలీషా (1885–1945) పారశీకపు ఉమర్ ఖయ్యామును తెలుగు పద్యంలోకి దించితే అది తెలుగు సారస్వతానికి సంపద అయింది. ఇంకా వెనుకకు పోతే మన ఆదికావ్యమే సంస్కృతం నుంచి వచ్చింది.

మరి గజల్‌కు ఆసనమిచ్చిన మనమే రాప్‌ను గుమ్మంలో ఎందుకు నిలబెడుతున్నాము? మాకు తోచిన కారణం ఒక్కటే. గజల్ దర్బారుల మీదుగా వచ్చింది. రాప్ పేదల పేట నుంచి వచ్చింది. అప్పు ఇచ్చిన ఇల్లు గొప్పదైతే 'ప్రభావం' అంటున్నాము. పేదదైతే 'అనుకరణ' అంటున్నాము. ఇది సాహిత్య విమర్శ కాదు, పెద్దరికపు విమర్శ.

చర్చలో మరొక వాదం కూడ వినవచ్చింది. "రాప్‌లో కొత్త ఏమున్నది? మన బుర్రకథలో లేనిదా?" అని. పద్మశ్రీ షేక్ నాజర్ (1920–1997) పేరు ఆ సందర్భంలో తలచుకొనడం మాకు ఆనందం కలిగించింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద ముస్లిం కుటుంబంలో జన్మించి, ఒకవైపు హాస్యం చెప్పే వంత, మరొకవైపు రాజకీయం చెప్పే వంత తోడు నిలువగా, వేలాది ప్రజలను రాత్రంతా మేలుకొలిపిన మహాకళాకారుడు ఆయన. లయలో మాట చెప్పి లోకాన్ని నిలదీయడం బుర్రకథకూ, రాప్‌కూ సమానధర్మమే. కాని పోలిక వేరు, వారసత్వం వేరు. బ్రాంక్స్ యువకులు నాజర్ కథ విని ఉండలేదు. నేటి మన రాప్ గాయకులలో ఎందరు విన్నారో కూడ సందేహమే. "మనకు ముందే ఉన్నది" అని సంతృప్తి చెందితే కొత్తదీ నేర్వము, పాతదీ నిలుపుకోము.

కాబట్టి రూపం ఎక్కడిదన్న ప్రశ్న మనలను ఎక్కువ దూరం తీసుకొనిపోదు. మేము రెండు పరీక్షలను సూచిస్తున్నాము.

మొదటిది భాషకు సంబంధించినది. ఛందస్సు చదివిన విద్యార్థులకు మధురగతి రగడ జ్ఞాపకం ఉండే ఉంటుంది. పాదానికి నాలుగు చతుర్మాత్రా గణాలు, వెరసి పదహారు మాత్రలు, పైగా అంత్యప్రాస. రాప్‌లో సామాన్యంగా ఒక్కొక్క పంక్తి నాలుగు దెబ్బల ఆవృత్తంలో ఇముడుతుంది. ఒక్కొక్క దెబ్బను నాలుగు భాగాలు చేస్తే అక్కడా పదహారే. తెలుగు ఈ లయలో ఒదగదన్న మాట ఇందువల్ల నిలువదు. అయితే ఆంగ్లం అక్షరంపై ఊనికతో నడిచే భాష. తెలుగు హ్రస్వదీర్ఘాలతో నడిచే భాష. మనకు 'పలు' వేరు, 'పాలు' వేరు. 'కల' వేరు, 'కాల' వేరు. అమెరికా గాయకుని ఉచ్చారణను చెవిలో పెట్టుకొని, ఆ ఊనిక కోసం దీర్ఘాన్ని నలిపి, హ్రస్వాన్ని సాగదీసే పాట మా దృష్టిలో అనుకరణ. తెలుగు మాత్రను మన్నించి, ఆ తాళంలోనే యతిని, ప్రాసను వెదకికొన్న పాట సృష్టి.

రెండవ పరీక్ష వస్తువుకు సంబంధించినది. మన గోదావరి తీరంలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉన్నది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో గరిమెళ్ల సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' అన్న గీతం వ్రాసి చెరసాలకు వెళ్లారు. రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న ఆ పల్లవినే అందుకొని, ఒక్క మాట మార్చి, 'మాకొద్దీ నల్లదొరతనము' వ్రాశారు. పైకి చూస్తే అంతకంటె స్పష్టమైన అనుకరణ ఉండదు. కాని తెల్లవాడు పోయినంత మాత్రాన తమ మెడపై కాడి దిగదని అంటరానివారుగా చూడబడినవారి పక్షాన ప్రకటించిన ఆ గీతం కంటె నూతనమైనది ఆనాడు మరేమున్నది? ఇటీవలి ఉదాహరణ కావలెనంటే 2021లో వెలువడిన 'ఎంజాయ్ ఎంజామి' అన్న తమిళ గీతం ఉన్నది. అరివు అనే యువకవి సింహళపు తేయాకు తోటలలో శ్రమించి తిరిగివచ్చిన తన అవ్వల తరం కథను, మృతులకై పాడే ఒప్పారి సంప్రదాయాన్ని, రాప్‌లో కలిపాడు. రూపం ఎక్కడిదైనా దుఃఖం ఆ ఇంటిదే. అందుకే అది దేశాలు దాటింది.

ఇక్కడ మా తప్పును మేము ఒప్పుకొనవలసి ఉన్నది. గత సంవత్సరం వార్షికోత్సవానికి ముందు ఇద్దరు విద్యార్థులు తాము వ్రాసిన రాప్ గీతాలను మా పరిశీలనకు తెచ్చారు. మేము శీర్షికలు చూచి, "ఇది మన సంస్కృతి కాదు" అని, చదువకుండానే ప్రక్కన పెట్టాము. వేసవిలో బల్ల సర్దుతుండగా ఆ కాగితాలు చేతికి వచ్చాయి. అప్పుడు చదివాము.

మొదటి గీతంలో తుపాకులు ఉన్నవి, మెడలో బరువైన గొలుసులు ఉన్నవి, వ్రాసినవాడు ఏనాడూ ఎక్కని కారు ఉన్నది. ఆ విద్యార్థి తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు. తెల్లవారకముందే లేచి చెట్టు తరువాత చెట్టు ఎక్కే మనిషి. ఆయన కాళ్ల కాయలు గాని, చెట్టు మీద నుంచి కనిపించే గోదావరి పాయ గాని, ఇంటి ప్రక్కన జరిగే వలుపు చప్పుడు గాని ఆ గీతంలో లేవు. రెండవ గీతం వ్రాసినవాని తల్లి కువైట్‌లో ఒక ఇంట పనిచేస్తున్నది. రాజోలు, అమలాపురం ప్రాంతాల వారికి ఈ కథ కొత్త కాదు. నెలకు ఒకసారి సొమ్ము వస్తుంది, రోజూ ఫోనులో గొంతు వస్తుంది, తల నిమిరే చేయి మాత్రం రాదు అని ఆ బాలుడు వ్రాశాడు. ఒక పంక్తి చివర ఇంటి ఉర్దూలోని 'దూర్', తరువాతి పంక్తి చివర వీధి తెలుగులోని 'ఊర్' కలిపి ప్రాస కట్టాడు. రెండు భాషల ఇంటిలో పెరిగినవానికి తప్ప మరెవరికీ దొరకని ప్రాస అది. దానిని కనుగొనడానికి ఏ బ్రాంక్స్ గాయకుడూ అతనికి తోడుపడలేదు.

ఆ కాగితంతో మేము అతనిని వెదకికొని వెళ్లాము. "చించి పారవేశారనుకొన్నాను సార్, మళ్లీ వ్రాయలేదు" అన్నాడు. మొన్నటి చర్చలో అతడు చివరి బల్లపై కూర్చొని ఉన్నాడు. ఏ పక్షానా మాటాడలేదు.

అప్పుడు మాకు స్ఫురించిన విషయాన్నే ఈ వ్యాసానికి సారంగా చెప్పదలచాము. అనుకరణ అంటే పరుల రూపాన్ని గ్రహించడం కాదు. తన ఇల్లు పాటకు తగదని తలచడం. దింపు కార్మికుని కుమారుడు తుపాకుల గురించి వ్రాసినది అమెరికా మీద మోజుతో మాత్రమే కాదు. తన తండ్రి పని పాటలో ఉండదగినదని అతనికి ఎవరూ చెప్పలేదు. మేము చదివించిన పాఠాలు చెప్పలేదు, మేమూ చెప్పలేదు. ఇంటి మాట వ్రాసినవాని కాగితాన్ని కూడ మేము ప్రక్కన పెట్టినప్పుడు, ఇద్దరికీ ఒకే పాఠం నేర్పినవారమైనాము. అరువు సొమ్ము బరువు చేటు అంటారు. సొంత సొమ్మును చూపనివ్వని ఇంటిలో బిడ్డలు అరువు సొమ్మే పెట్టుకొంటారు.

కోనసీమలో పాటకు వస్తువు కరవు కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి నుంచి ఎగసి వారాల తరబడి ఆరని మంట ఉన్నది. 1996 నవంబరు తుపానులో నేలకొరిగిన తోటలు ఉన్నవి. 2011లో గిట్టుబాటు లేక సార్వా పంటకు విరామం ప్రకటించిన రైతులు ఉన్నారు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో తెల్లవారుజామున గ్యాసు గొట్టం పేలి నిద్రలోనే కాలిపోయిన ఇళ్లు ఉన్నవి. ఇవి ఏ ఆల్బమ్‌లో వచ్చినా, ఏ తాళంలో వచ్చినా, వాటిని అనుకరణ అనే ధైర్యం మాకు లేదు.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. రానున్న వార్షికోత్సవంలో పద్యం, గజల్, ఖవ్వాలీలతో పాటు రాప్‌కు కూడ చోటు కల్పింపవలెను. అసభ్యతకు, ద్వేషానికి తావు లేకుండా పరిశీలించే హక్కు మీకు ఉన్నది. దానిని మేము కాదనము. కాని ఆ పరిశీలన కాగితాన్ని చదివిన తరువాతనే జరుగవలెను. విద్యార్థి మిత్రులకు మా మాట ఇది. ఎక్కడి తాళమైనా తెచ్చుకొనండి. ఋణం తెచ్చిన ఇంటి పేరు దాచకుండా చెప్పండి. దానిపై మీ ఇంటి మాట పలకండి. ఆ బాలుని కాగితాన్ని మేము అతనికి తిరిగి ఇచ్చివేశాము. వచ్చే సంచికకు దానిని పూర్తిచేసి ఇవ్వవలసిందిగా అడిగాము. ఇస్తానని గాని, ఇవ్వనని గాని అతడు ఇంకను చెప్పలేదు. ఎదురుచూడవలసిన వంతు ఇప్పుడు మాది.