మీ ఎముకలో ఉన్న లోహం ఏది?

ఎముక విరిగి ప్లేటు వేయించుకున్నవారిని ఏ లోహం వేశారని అడిగితే, "రాడ్డు వేశారమ్మా" అంటారు. అంతకుమించి తెలియదు. ఇది మారాలని నా అభిప్రాయం.

మన పాతబస్తీ పక్కనే కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపించిన మిధాని సంస్థ ఉంది. అక్కడ టైటానియం మిశ్రలోహాలు, శరీరంలో అమర్చే ఇంప్లాంట్లు తయారవుతాయి. మన ఒంట్లోని ద్రవాలు ఉప్పునీళ్ల వంటివి. లోహాన్ని మెల్లగా తినేస్తాయి. టైటానియం మీద మాత్రం చాలా పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి కాపాడుతుంది. గీత పడినా, ఆక్సిజన్ అందితే ఆ పొర మళ్ళీ కట్టుకుంటుంది.

అయితే టైటానియం అంతా ఒకటి కాదు. ఎక్కువగా వాడే రకంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలుపుతారు. లోపల ఆల్ఫా, బీటా అని రెండు రకాల అమరికలుంటాయి. అల్యూమినియం ఆల్ఫాలో, వెనేడియం బీటాలో ఎక్కువ చేరుతుంది. లోహాన్ని వేడిచేసి చల్లార్చిన తీరునుబట్టి ఈ అమరిక మారుతుంది, దానితోపాటు తుప్పును తట్టుకునే శక్తీ మారుతుంది. వెనేడియం బదులు 7 శాతం నయోబియం వాడే రకం కూడా ఉంది.

ఇదేదీ కంటికి కనబడదు. మెరుపు చూసి నాణ్యత చెప్పలేం. ప్యాకెట్ మీది లేబులే మనకు ఆధారం. ఆ లేబులును సిస్టర్లు కేసుషీటులోనూ, డిశ్చార్జి కాగితం మీదా తప్పక అతికించాలి. రేపు మరో ఆసుపత్రిలో స్క్రూ మార్చవలసివస్తే, తెలియక వేరే లోహం జతచేసే ప్రమాదముంది. రెండూ ఒరుసుకుంటే అరుగుదల, తుప్పు మొదలుకావచ్చు.

ఇంటికి వెళ్ళేముందు ఆ కాగితం అడిగి తీసుకోండి. రేషను కార్డుతోపాటు భద్రంగా దాచుకోండి.