చిన్న భాగం దొరక్క పెద్ద యంత్రాన్ని పారేయాలా?

రబ్బరు బుడగలో గాలి నింపి మూతి వదిలేస్తే ఏమవుతుంది? గాలి వెనక్కి, బుడగ ముందుకు పోతాయి. చర్య ఎంతో ప్రతిచర్య అంత అని న్యూటన్ 1687లో చెప్పిన సూత్రం ఇదే. నీటి మీద మోటారు సైకిలులా దూసుకుపోయే జెట్ స్కీ నడిచేదీ ఈ సూత్రంతోనే. బండి అడుగున ఉన్న జాలీ గుండా నీరు లోపలికి వస్తుంది. ఇంజను తిప్పే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లరు, ఆ నీటిని వెనకవైపు సన్నని మూతిగుండా బలంగా చిమ్ముతుంది. బండి ముందుకు ఉరుకుతుంది.

అమెరికాలో మోటారు సైకిలు పందేలంటే ఇష్టపడే క్లేటన్ జేకబ్‌సన్ 1960లలో ఇలాంటి బండికి రూపకల్పన చేశాడు. 1968లో కెనడాకు చెందిన బాంబార్డియర్ కంపెనీ 'సీ-డూ' పేరుతో ఒక రకాన్ని తెచ్చింది గాని, అది అప్పట్లో ఎక్కువ కాలం నిలవలేదు. 1973లో జపాను కంపెనీ కవాసాకి, నిలబడి నడిపే బండిని 'జెట్ స్కీ' అనే పేరుతో అమ్మసాగింది. ఆ పేరు కవాసాకిదే అయినా, లోకం ఇప్పుడు ఈ జాతి బండ్లన్నిటినీ అలాగే పిలుస్తోంది.

ఆ తొలినాటి బండ్లను శ్రద్ధగా బాగుచేసుకుని నేటికీ నడిపేవాళ్ళున్నారు. వాళ్ళకున్న పెద్ద చిక్కు పెట్రోలు కాదు, విడిభాగాలు. పాత డీలర్ల గిడ్డంగుల్లో పెట్టె విప్పకుండా మిగిలిపోయినవి వెతుకుతారు. ఒక బండిని బతికించడానికి మరో బండిని విప్పుతారు. ఇదంతా ఎవరి సరదాయో, మనకెందుకు అంటారా? యంత్రాలు ఎందుకు చస్తాయో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. మూడు భాగాలను చూద్దాం.

మొదటిది వేర్ రింగు. ఇంపెల్లరు చుట్టూ ఉండే ఉంగరం ఇది. రెక్కల అంచుకూ దీనికీ మధ్య సందు మిల్లీమీటరు కన్నా తక్కువ. ఇసుక లోపలికి వచ్చి గీరితే సందు పెరుగుతుంది. నీరు వెనక్కి చిమ్మబడకుండా ఆ సందులోంచి జారుకుంటుంది. ఇంజను హోరెత్తుతుంది గాని బండి కదలదు! అయితే ఈ ఉంగరం దొరక్కపోయినా భయం లేదు. కొలతలు తీసుకుంటే లేతు మీద కొత్తది చెక్కవచ్చు.

రెండవది ఆయిల్ సీలు. టూ-స్ట్రోకు ఇంజనులో క్రాంక్ షాఫ్టు బయటికి వచ్చే చోట ఉండే రబ్బరు బిళ్ళ ఇది. ఇది పగిలితే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. పెట్రోలు, దానితో కలిసి వచ్చే నూనె పాలు తగ్గిపోతాయి. పిస్టను వేడెక్కి పట్టేస్తుంది. అంతటి ఇంజనునూ చంపేది ఆ చిన్న రబ్బరు ముక్క! పైగా రబ్బరు పెట్టెలో ఉన్నా గాలి సోకి గట్టిపడుతుంది. కాబట్టి ఏళ్ళ తరబడి దాచిన సీలు కన్నా నిన్న తయారైన సీలే మేలు. ఎన్నో సీళ్ళు ప్రామాణిక కొలతల్లోనే ఉంటాయి. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం - ఈ మూడు అంకెలు చెబితే దుకాణంలో ఇస్తారు.

మూడవది ఇగ్నిషన్ పెట్టె. స్పార్కు ప్లగ్గుకు నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో ఇది నిర్ణయిస్తుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక చుట్టుకు సెకనులో 100వ వంతు పడుతుంది. అందులో ఒక్క డిగ్రీ అంటే సెకనులో 36,000వ వంతు. అంత కచ్చితంగా పనిచేయాలి. తడి తగలకుండా ఈ పెట్టెను లక్కలాంటి రెజిన్ పోసి మూసేస్తారు. అది పాడైతే లోపల ఏముందో కనబడదు. ఏ వేగంలో ఎన్ని డిగ్రీల ముందు రవ్వ పుట్టాలో కంపెనీ కాగితాల్లో ఉంటుంది. ఆ కాగితాలు దొరక్కపోతే కొత్తది చేయడం మహా కష్టం.

గమనించారా? మూడిట్లో ఎక్కడా ఇనుముకు గాని, రాగికి గాని కొరత లేదు. కొరత సమాచారానికి! కొలత తెలిసిన భాగాన్ని ఎవరైనా చేయగలరు. కొలత దాచిన భాగమే అరుదైన వస్తువు అవుతుంది.

దీనికి మందు మనిషి ఎప్పుడో కనిపెట్టాడు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మరల పళ్ళకు ఒకే ప్రమాణం ఉండాలని ప్రతిపాదించాడు. అంతకుముందు ఒక కర్మాగారపు బోల్టుకు ఇంకో కర్మాగారపు నట్టు పట్టేది కాదు. నేడు 6205 అనే సంఖ్యగల బాల్ బేరింగు ఏ దేశంలో కొన్నా లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15 మిల్లీమీటర్లే. అమెరికాలోని పాత బండిలో అలాంటి బేరింగు ఉంటే, మన ఊళ్ళో పంపుసెట్లు బాగుచేసే చోట దొరికేది దానికి సరిపోతుంది.

అన్ని భాగాలూ అలా ప్రామాణికంగా ఉండవు గదా అంటారు. నిజమే. కంపెనీలు కూడా కొనేవాడు లేని భాగాలను ఎల్లకాలం చేస్తూ కూర్చోలేవు. అచ్చులు దాచాలంటే స్థలం కావాలి, ఖర్చవుతుంది. వాళ్ళను అలా చేయమనడం న్యాయం కాదు. కాని ఒక పని చేయవచ్చు. ఒక విడిభాగం తయారీ ఆపేసిన రోజున దాని కొలతల డ్రాయింగును అందరికీ ఇచ్చేయాలి. ఇది చట్టం కావాలని నా అభిప్రాయం. పేటెంటు పద్ధతిలో ఈ న్యాయమే ఉంది. కనిపెట్టినవాడు తన రహస్యాన్ని లోకానికి చెప్పాలి, బదులుగా మన దేశంలో 20 ఏళ్ళు దానిపై హక్కు అతనిదే. తాను ఇక అమ్మని వస్తువు రహస్యాన్ని దాచి కంపెనీ బావుకునేదేమిటి?

యూరపియన్ యూనియన్ 2024లో మరమ్మతు హక్కుపై చట్టం చేసింది. బట్టలుతికే యంత్రాలు, ఫ్రిజ్‌లు, ఫోన్లు దాని జాబితాలో ఉన్నాయి, జెట్ స్కీలు లేవు. జాబితా పెరగాలి.

దీనిపై ఒక బలమైన అభ్యంతరం ఉంది. పాత టూ-స్ట్రోకు ఇంజన్లు కొంత పెట్రోలును కాల్చకుండానే నీటిలోకి వదిలేస్తాయి. అందుకే అమెరికాలోని టాహో సరస్సులో కార్బొరేటరు ఉన్న టూ-స్ట్రోకు బండ్లను 1999 నుంచి నిషేధించారు. అది సరైన పని. తాగునీటి చెరువుల్లో వాటిని నడపకూడదు. అయితే బండి ఎక్కడ నడవాలో తేల్చవలసింది చట్టం. విడిభాగం దొరక్క బండి చచ్చిపోతే పాత బండితోపాటు మంచి బండీ చస్తుంది. నేటి కాలుష్యం తక్కువ ఇంజన్లు కూడా 30 ఏళ్ళకు పాతవవుతాయి. వాటిలో మూసిన పెట్టెలు ఇంకా ఎక్కువ! పైగా ఫైబరుగ్లాసు తొట్టిని పారేస్తే అది కుళ్ళదు, ఇనుములా కరిగించి మళ్ళీ పోతపోయడానికీ వీలుకాదు.

పిల్లలూ, ఈసారి మీ ఇంట్లో మిక్సీయో, మోటారో బాగుచేయడానికి విప్పినప్పుడు పక్కన కూర్చోండి. బేరింగు మీద చెక్కిన సంఖ్యను, సీలు మీది మూడు అంకెలను నోటుపుస్తకంలో రాసుకోండి. ఏ అంకే లేని భాగం కనబడితే స్కేలుతో కొలిచి బొమ్మ గీయండి. పదేళ్ళ తర్వాత ఆ భాగం విరిగిన రోజున ఆ పేజీ పనికివస్తుంది.