మెరుగుపెట్టిన పాపం

పాత క్షురకత్తులు సేకరించే మిత్రులతో నాకొక తగవు ఉంది. ఇన్నాళ్ళూ మనసులోనే పెట్టుకున్నాను. ఇటీవల ఒకాయన తాను 'పునరుద్ధరించిన' కత్తిని తెచ్చి ఎంతో గర్వంగా చూపించారు. అందులో ముఖం చూసుకోవచ్చు, గడ్డం మాత్రం గీసుకోలేము. ఇక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

నేనంటున్నది పిడిలోకి మడిచే పాతకాలపు కత్తి సంగతి. తెలుగులో దాని పేరు మంగలికత్తి. ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని జోలింగెన్ దీనికి పుట్టిళ్ళవంటివి. 1740 ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో ఉక్కు కరిగించే పద్ధతిని నెలకొల్పిన తరువాత షెఫీల్డు కత్తికి ఖ్యాతి పెరిగింది. రెండు పక్కలా లోపలికి వంపు తీసి, అంచును కాగితమంత పలుచన చేయడంలో జోలింగెన్ పనివారు ఆరితేరారు. ఆ ఊరి పేరును ఇతరులు తమ సరుకుమీద వేసుకోరాదని 1938లో జర్మనీలో చట్టమే వచ్చింది. సముద్రాలు దాటి వచ్చిన ఇటువంటి కత్తులు మన క్షురకుల పొదుల్లో తరాల తరబడి పనిచేశాయి.

ఇప్పుడు అవే కత్తులు హైదరాబాదు జుమ్మెరాత్ బజారువంటి చోట్ల పాత ఇనుముతో కలిసి దొరుకుతాయి. మనవంటి వాళ్ళు ఆశగా కొంటారు. ఇంటికి తెచ్చి మొట్టమొదట చేసే పని మోటారు చక్రానికి ఆనించి మెరుగుపెట్టడం! నా అభ్యంతరమంతా అక్కడే.

ఈ కత్తి నిర్మాణంలో ఒక చక్కని ఉపాయం ఉంది. సానరాతిమీద నూరేటప్పుడు కత్తిని పూర్తిగా పడుకోబెడతారు. వెన్నూ వాదరా రెండూ ఒకేసారి రాతికి తగులుతాయి. ఏ కోణంలో నూరాలో మన చెయ్యి నిర్ణయించనక్కరలేదు, వెన్ను మందమే నిర్ణయిస్తుంది. వాదర అరిగినకొద్దీ వెన్నూ కొంత అరుగుతుంది కనుక కోణం ఇంచుమించు నిలిచే ఉంటుంది. ఇటువంటి వెన్నును గరుకు కాగితంతో, చక్రంతో ఇష్టం వచ్చినట్లు గుండ్రంగా చేస్తే, తయారీదారు పెట్టిన కొలత పోతుంది. తరువాత ఎంత నూరినా వాదర ఒకచోట తెగుతుంది, ఒకచోట పీకుతుంది.

అంతకంటే పెద్ద ప్రమాదం వేడి. ఉక్కు దాదాపు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత పసుపు రంగుకు, 300 దగ్గర నీలానికి తిరుగుతుంది. వాదర అతి పలుచన కనుక చక్రంమీద క్షణాల్లో వేడెక్కుతుంది. నీలం కనిపించిందంటే అక్కడ పదును నిలిపే గట్టిదనం పోయినట్లే. ఇందులో మోసం ఏమిటంటే, మళ్ళీ మెరుగుపెడితే ఆ నీలం పోతుంది కాని మెత్తబడిన ఉక్కు మాత్రం గట్టిపడదు. కొనేవాడికి కనిపించేది తళతళ ఒక్కటే.

ఇదంతా పుస్తకజ్ఞానం కాదు. స్వయంగా చేసిన పాపం.

మా ఊళ్ళో మా తాతగారికి క్షవరం చేసిన పెద్దాయన ఒకరుండేవారు. ఇద్దరిదీ ఒకే ఈడు. ఆయన తాతగారిని 'అయ్యగారూ' అనేవారు. తాతగారు ఆయనను 'ఒరేయ్' అనేవారు. పదేళ్ళవాణ్ణి, నేను కూడా ఆయనను పేరు పెట్టి 'నువ్వు' అనేవాణ్ణి. అది తప్పని ఇంట్లో ఎవరూ చెప్పలేదు. 1990ల తరువాత, ఎయిడ్సు మీద ప్రచారం పెరిగాక, మనిషికొక కొత్త బ్లేడు వాడే పద్ధతి వచ్చింది. అది రావలసిన మార్పే. ఆయన కత్తి పొదిలోనే ఉండిపోయింది. ఆయన పోయిన చాలా ఏళ్ళకు, నా సరదా తెలిసి, వాళ్ళ అబ్బాయి ఆ కత్తిని నాకిచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

నూరి నూరి సన్నబడిన కత్తి అది. వెన్ను ఒకవైపు కాస్త ఎక్కువ అరిగి ఉంది. ఆయన చేతివాటం అది. ఉక్కుమీద అక్కడక్కడ నల్లని మచ్చలు. నేను వాటన్నిటినీ 'లోపాలు' అనుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం చక్రం బిగించి కూర్చున్నాను. సాయంత్రానికి కత్తి అద్దంలా మెరిసింది. తయారీదారు పేరులో సగం అక్షరాలు చెరిగిపోయాయి. మురిపెంగా ఆ అబ్బాయికి చూపించాను. అతడు వాదరను బొటనవేలి గోటిమీద ఆనించి చూశాడు, రాతిమీద కాసేపు నూరాడు, తోలుపట్టీమీద తిప్పాడు, మళ్ళీ చూశాడు.

"ఉక్కు చచ్చిపోయిందండీ. ఇంక పదును నిలవదు," అన్నాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. కత్తి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

"అయితే తుప్పు అలాగే వదిలెయ్యమంటారా?" అని మీరు అడగవచ్చు. వద్దు. ఎర్రతుప్పు ఉక్కును తినేస్తుంది. నూనె రాసి, చేత్తో నిదానంగా తీయండి. నల్లమచ్చ వాదరను తాకనంతవరకు దాని జోలికి పోకండి. వాదరలో బీట ఉందేమో వెలుతురులో చూడండి. పిడి సెల్యులాయిడ్‌దై చివికిపోతుంటే వెంటనే విడదీయండి, దానినుంచి వచ్చే ఆవిరి కత్తిని తుప్పు పట్టిస్తుంది. నలుగురికి వాడిన కత్తి కనుక శుభ్రపరచకుండా చర్మానికి తాకించకండి. ఆపైన సాన, తోలుపట్టీ. చేయవలసినది ఇంతే.

"మా కత్తి, మా ఇష్టం" అనేవారూ ఉన్నారు. మెరిసేదానికి ధర ఎక్కువ పలుకుతుందన్నదీ నిజమే. కాని మీరు 'వారసత్వం' అన్న మాట వాడుతున్నారు. ఏ వారసత్వం? అరిగిన వెన్నులో ఉన్నది ఒక మనిషి జీవితకాలపు శ్రమ. దాన్ని చెరిపేసి, షెఫీల్డు ముద్రను మాత్రం కొలవడం పనిని గౌరవించడం ఎలా అవుతుంది? 'మంగలి పాత, చాకలి కొత్త' అన్న సామెత మనదే. అంటే చేయి తిరిగిన వాడి విలువ మనకు తెలియనిది కాదు. అయినా ఆ వృత్తి పేరునే తిట్టుగా వాడుకున్నాం. నాయీబ్రాహ్మణులను కించపరిచే మాటలతో పిలవరాదని 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. ఆ చేతిని చిన్నచూపు చూసి, ఆ చేతిలోని కత్తిని అద్దాల పెట్టెలో పెట్టుకుంటే దాన్ని అభిరుచి అనగలమా?

నా బల్లమీద ఆ కత్తి ఇప్పటికీ ఉంది. మెరుస్తూనే ఉంది. ఎవరికీ అమ్మను, గడ్డానికి పనికిరాదు. మీ చేతిలో ఉన్న కత్తికి ఇంకా ప్రాణం ఉండవచ్చు. చక్రం బిగించే ముందు, దాన్ని అన్నేళ్ళు నూరినవాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. 'మీరు' అని పిలిచి అడగండి.