పేర్ల పేజీకి ఆ గీత వద్దు

ఈ సంచిక అట్టకు ఏ అక్షరాలు వేయాలని మాట వచ్చినప్పుడు కమిటీ తమ్ముళ్లు ఒక నమూనా చూపించారు. లావుపాటి అక్షరం, దాని నడిమధ్య సన్నటి తెల్లగీత. పాతకాలం నాటకాల పోస్టరులా ఉంది. దీన్ని ఇన్‌లైన్ అంటారు. అట్టకు వేయండి, లోపలి పేజీల్లో మాత్రం వద్దన్నాను. అన్నకు చాదస్తం అనుకున్నారు.

ఈ రకం అక్షరాలు వంద ఏళ్ల కిందటివి. జర్మనీలో రుడాల్ఫ్ కోచ్ 1923లో 'నోయ్‌లాండ్' చేశాడు. ముందు బొమ్మ గీసుకోకుండా నేరుగా ఉక్కు మీదే చెక్కాడు. దానికి తెల్లగీత రూపమూ ఉంది. అమెరికాలో 1927లో 'బ్రాడ్‌వే' వచ్చింది, మరుసటి ఏడాది దానికీ గీత పడింది. లావు దూరం నుంచి కన్ను లాగుతుంది, గీత ఆ బరువు తగ్గిస్తుంది. దారిన పోయేవాణ్ణి ఆపడానికి పనికొచ్చే అక్షరాలివి, కూర్చుని చదివించడానికి కాదు.

పైగా ఇంగ్లీషు అక్షరాలకు నిలువు గీతలెక్కువ. మనవి గుండ్రనివి. తలకట్టు, గుడి, కొమ్ము, కింద ఒత్తులు. లావు చేస్తేనే లోపలి ఖాళీ పూడిపోతుంది. అందులో ఇంకో గీత దూరిస్తే 'ద'కూ 'ధ'కూ, 'డ'కూ 'ఢ'కూ తేడా ఎక్కడ కనబడుతుంది?

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. పదో తరగతిలో ఉండగా మా హాస్టల్ సంచికకు అక్షరాలు ఎంచింది నేనే. బహుమతులు వచ్చినవాళ్ల పేర్లన్నీ ముచ్చటపడి ఇలాంటి అక్షరాల్లోనే, అదీ చిన్న సైజులో పెట్టించాను. డబ్బుల్లేక జిరాక్స్ తీయించాం. గీతలోకి మసి దిగి పేర్లన్నీ నల్లటి ముద్దలయ్యాయి. వ్యాసరచనలో మొదటి బహుమతి వచ్చిన నా మిత్రుడు ఆ పుస్తకం ఇంటికి పట్టుకుపోయాడు. వాళ్లమ్మకు చదువు రాదు. పక్కింటాయనతో చదివించుకుంది. ఆయన రెండు పేర్లు కూడబలుక్కుని, మూడోదాని మీద వేలు పెట్టి "ఇదేనేమో" అన్నాడట. వాళ్లింట్లో ఒకరి పేరు అచ్చులో పడటం అదే మొదలు. వాడు నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

అందుకని ఈ అక్షరాలను బహిష్కరించమనను. ఫ్లెక్సీల మీద కనిపించే రంగురంగుల నీడల అక్షరాల కన్నా ఇవి నూరు రెట్లు నయం. అట్ట మీద సంచిక పేరుకు, స్టేజీ వెనక బ్యానరుకు, గేటు దగ్గర 'స్వాగతం'కు భేషుగ్గా ఉంటాయి. రెండు మూడు మాటలు, పెద్ద సైజు, అంతే. తెలుగులో కావాలంటే 'రామభద్ర' లాంటి లావు ఫాంట్ తీసుకుని కోరల్‌డ్రాలో కాంటూర్‌తో లోపల గీత తెప్పించవచ్చు. ఒత్తుల్లో మాత్రం గీత తీసేయండి. ప్రెస్సుకు పంపేముందు జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్ తీసి ఆరో తరగతి పిల్లవాడి చేత చదివించండి. వాడు ఆగిన చోటల్లా మార్చండి.

కమిటీ తమ్ముళ్లు చివరికి ఒప్పుకున్నారు. అట్ట మీద గీత ఉంది. పేర్ల పేజీ మామూలు అక్షరాల్లోనే ఉంది. మీ పేరు వెతికి చూసుకోండి.