టాబు ఎవరి చేతిలో?

2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన టాబులు పంచింది. ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఒకటే టాబు కదా, సమానత్వం వచ్చేసిందని మురిసిపోయాం. సీతంపేట కొండల్లో నేను చూసిన ఇంట్లో, గుంటకిచ్చిన టాబు అన్న చేతిలో ఉంది. ఆమె నెత్తిన నీళ్ల బిందె ఉంది. పాఠాలేమో ఇంగ్లీషు, తెలుగు. ఇంట్లో మాట్లాడేది సవర. నూరేళ్లకు పైనే అయింది, గిడుగు రామ్మూర్తి ముందు తాను సవర నేర్చుకుని, ఆ తర్వాతే సవర పిల్లలకు బడి పెట్టారు, వాచకాలు రాశారు. మనం యంత్రమిచ్చి చేతులు దులుపుకున్నాం. 2024లో ఆ కంపెనీయే దివాలా విచారణకెక్కింది. ఆ గుంటకి కావలసింది కాస్త తీరిక, తన భాష తెలిసిన టీచరు. ముందు ఆ బిందె దించేదెవరు?